చావింటి పాటకూ మాటకూ చోటివ్వండి: తెలుగు విశ్వవిద్యాలయానికి బహిరంగ లేఖ

సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఆచార్యులకు, తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ అధికారులకు

నమస్కారాలు.

నేను జగిత్యాల వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. ఈ ఉత్తరంలో మిమ్మల్ని అడగబోయేది ఒక్కటే. మన పల్లెల్లో చావు చుట్టూ అల్లుకున్న పాట, మాట, వాద్యం, ఆచారం తెలిసినవాళ్లు ఇంకా కొంతమంది బతికి ఉన్నారు. వాళ్లు ఉండగానే వాళ్ల గొంతుల్లో, వాళ్ల యాసలో ఆ తెలివిడినంతా రికార్డు చేయించండి. జిల్లా జిల్లాకూ మనుషులను పెట్టి, ఏళ్ల తరబడి ఓపికగా, చెప్పినవాళ్లకు తగిన పైకమూ గౌరవమూ ఇచ్చి చేయాల్సిన పని ఇది. మీలాంటి సంస్థ తప్ప ఇంకొకరు చేయలేరు కాబట్టే మీకు రాస్తున్నాను.

ముందు ఆడవాళ్ల శోకాల సంగతి చెప్తాను. మా వైపు దీన్ని శోకం పెట్టుడు అంటారు, రాగం తీసి ఏడ్సుడు అంటారు. ఎవరైనా పోయారని తెలిసి దూరపు ఊరి నుంచి ఆడబిడ్డో మేనత్తో వస్తుంది. ఆమె ఇంటిదాకా వచ్చి ఏడవదు. వాడకట్టు మొదట్లో అడుగు పెట్టగానే గొంతెత్తుతుంది. ఆ గొంతు విని ఇంట్లో ఆడవాళ్లు లేచి ఎదురు వస్తారు. ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ఇద్దరూ వంతులవారీగా మొదలుపెడతారు. పోయినవాళ్లను వరుసతోనే పిలుస్తారు: ఓ నాయినా, ఓ అవ్వా, ఓ కొడుకో, ఓ నా తోడబుట్టినోడా. ఆ పిలుపు దగ్గర గొంతు సాగుతుంది, తరవాతి మాటలు ఒక్క ఊపిరిలో గబగబా దొర్లుతాయి, వాక్యం చివర మళ్లీ వరుస వస్తుంది, అక్కడ ఎక్కిలి పడుతుంది. ఆ ఎక్కిలి కూడా తాళంలో భాగమే. విన్నవాళ్లకు తెలుస్తుంది, ఆ లయ ఎక్కడా తప్పదు.

అందులో ఏముంటుందో శ్రద్ధగా విన్నవాళ్లు తక్కువ. పోయిన మనిషి బతుకంతా ఉంటుంది. ఏ చెలకలో బావి తవ్వాడు, ఏ ఎండాకాలం ఆ బావి ఎండింది, ఎవరి దగ్గర అప్పు తెచ్చాడు, ఏ బిడ్డ పెండ్లికి ఎడ్లు అమ్మాడు, ఏ దవాఖానాల చుట్టూ తిరిగాడు, అన్నీ వస్తాయి. ఉన్నవాళ్ల మీద ఫిర్యాదులూ వస్తాయి. తండ్రి మంచాన పడ్డప్పుడు చూడని కొడుకుల గురించి బిడ్డ పదిమంది ముందూ అంటుంది. పుట్టింటికి రానివ్వని వదిన గురించి అంటుంది. భూమి పంపకంలో జరిగిన అన్యాయం గురించి అంటుంది. మామూలు రోజుల్లో ఆ మాట అంటే గొడవలవుతాయి. శోకంలో అన్న మాటకు మాత్రం ఎవరూ ఎదురు చెప్పరు, చెప్పకూడదు. మన పల్లెల్లో ఆడమనిషి నిండు సభలో అడ్డులేకుండా మాట్లాడగలిగిన చోటు చాలాకాలం ఇదొక్కటే. పంచాయితీలో ఆమెకు గొంతు లేదు, కాగితాల మీద ఆమె పేరు లేదు. చావింటి ముందర మాత్రం ఊరంతా తలవంచుకుని ఆమె మాట వినేది.

మా నాయనమ్మను ఇలా శోకం అందుకోవడానికి ఇతర వాడల నుంచి కూడా పిలిచేవాళ్లు. ఆమె అక్షరం ముక్క రానిది. ఎవరింటికి పోయినా ఆ ఇంటి మూడు తరాల పేర్లు, కష్టాలు వరుస తప్పకుండా చెప్పగలిగేది. ఆమె పాడినవి ఒక్కటి కూడా ఈరోజు మా దగ్గర లేవు. మా ఇంట్లో టేప్ రికార్డర్ ఉండేది. అందులో దేవుడి పాటలు విన్నాం, సినిమా పాటలు విన్నాం. శోకాన్ని రికార్డు చేయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు, ఎందుకంటే ఉత్తప్పుడు ఇంట్లో శోకం పెడితే అరిష్టమని నమ్మకం. పాడమని అడగడమే తప్పు. జానపద గేయాల సంకలనాల్లో లాలిపాటలు, నాట్ల పాటలు, అప్పగింతల పాటలు దొరికినంతగా ఏడుపు పాటలు దొరకకపోవడానికి నాకు కనిపించే కారణం ఇదే. సేకరించేవాళ్లు ఎక్కువగా మగవాళ్లు, వాళ్లు ఆ గుంపులో కూర్చోలేరు. కూర్చున్నా ఆ సమయంలో యంత్రం బయటికి తీయలేరు, తీయకూడదు కూడా.

అయినా దారి లేకపోలేదు. నేను కొందరు పెద్దమ్మలతో మాట్లాడి చూశాను. ఇంట్లో ససేమిరా అన్నవాళ్లే చేను గట్టు మీద, చింతచెట్టు కింద, ఇంటికి దూరంగా కూర్చున్నప్పుడు మెల్లగా అందుకున్నారు. ఎప్పుడో పోయిన తల్లినో, చెల్లెనో తలచుకుని పాడారు. అడిగేది ఆడమనిషి అయి ఉండాలి, వరుస కలుపుకుని మాట్లాడాలి, తొందరపెట్టకూడదు. పాట అయ్యాక ఆమె తేరుకునేదాకా పక్కన కూర్చోవాలి. మీ పరిశోధక విద్యార్థినుల్లో పల్లెల నుంచి వచ్చిన అమ్మాయిలకు ఈ మర్యాదలు ఎవరూ నేర్పక్కర్లేదు.

మా జిల్లాకు సంబంధించిన ఒక విషయం మీ ముందు పెట్టాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి పల్లెల నుంచి మగవాళ్లు ఏళ్లుగా గల్ఫ్‌కు పోతున్నారు. కొందరు పెట్టెల్లో తిరిగి వస్తున్నారు. అక్కడ ప్రాణం పోయిన వారాలకు, ఒక్కోసారి నెలలకు శంషాబాద్ విమానాశ్రయంలో పెట్టె దిగుతుంది. అన్ని రోజులూ ఆ ఇంట్లో చావు జరిగినట్టూ కాదు, జరగనట్టూ కాదు. పీనుగ లేకుండా శోకం ఎలా పెట్టాలి? మా ఆడవాళ్లు దానికీ బాణీ కట్టుకున్నారు. విసా, ఏజెంటు, కంపెనీ, కఫీల్ అనే అక్కడి పూచీదారు యజమాని, ఫోన్ మోగకపోవడం, ఇవన్నీ శోకంలోకి వచ్చాయి. బీడీలు చుట్టి కట్టిన వడ్డీ లెక్కలు వచ్చాయి. కడసారి మొఖం చూద్దామంటే పెట్టె మూత తీయొద్దన్నారని ఒక తల్లి పాడుతుంటే నేను విన్నాను. ఈ వలస గురించి ప్రభుత్వ లెక్కల్లో అంకెలు ఉంటాయి. ఆ ఇళ్లలో ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం ఈ శోకాల్లో ఉంది. సిరిసిల్లలో మగ్గాల మీద బతికిన కుటుంబాల్లో, వరంగల్ పత్తి రైతుల ఇళ్లలో జరిగిన ఆత్మహత్యలకు కూడా అలాంటి సాక్ష్యమే ఉండి ఉంటుంది. ఎవరూ రాసుకోలేదు. చరిత్ర రాసేవాళ్లు రేపు వెతికితే దొరకాల్సిన చోటు మీ భాండాగారం.

రాజుల వరుసను పక్కకు పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏం నమ్మారు అని వెతికి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినవారు సురవరం ప్రతాపరెడ్డి. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. ఇప్పుడు మీ విశ్వవిద్యాలయానికి ఆయన పేరుంది. ఆయన కావ్యాల్లో, సామెతల్లో, శాసనాల్లో వెతికి పట్టుకున్నవాటిని మనం ఇంకా బతికున్న మనుషుల దగ్గరికి పోయి వినగలం. ఆ పేరు పెట్టుకున్న సంస్థకు ఇంతకంటే తగిన పని ఏముంటుంది?

ఇక డప్పు సంగతి. దీని గురించి జాగ్రత్తగా మాట్లాడాలి. వేపకర్ర చట్రం, మేకతోలు, చింతగింజల బంక, కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల: ఈ వాద్యంతో పలికించే దెబ్బలు ఎన్నో. పెండ్లి దెబ్బ వేరు, పీర్ల దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు. పొలంలో ఉన్న మనిషి దూరం నుంచి వినే ఊరిలో ఎవరో పోయారని తెలుసుకునేవాడు. ఇంటి ముందు ఒక తీరు, శవం లేచాక దారిలో ఒక తీరు, దింపుడు కల్లం దగ్గర ఒక తీరు. నిండుగా బతికి పోయిన ముసలివాళ్లకైతే దారి పొడవునా చిందులు కూడా ఉండేవి. ఈ దెబ్బల పేర్లు, వాటి లెక్క, ఏ మలుపులో ఏది మార్చాలన్న తెలివి వాయించేవాళ్ల చేతుల్లో ఉంది.

కానీ ఆ చేతులు తమ ఇష్టంతో మాత్రమే వాయించలేదు. చావు డప్పు మాదిగల మీద వెట్టిగా రుద్దిన పని. కబురు మోయడం, గుంత తవ్వడం, కాటి దగ్గర కాపలా ఉండటం బేగరి వంటి కులాల మీద రుద్దారు. రానంటే కొట్టారు, ఊరి నుంచి వెలివేశారు. 'మీ చావులకు మేము డప్పు కొట్టం' అని దళితులు ఎదురు తిరిగినప్పుడు వాళ్లు న్యాయమే చేశారు. మాదిగల హక్కుల కోసం నడిచిన దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవానికి గుర్తుగా చేసి నడివీధిలో మోగించింది. కాబట్టి మీ పని ఎవరినీ పాత వెట్టికి తిరిగి రమ్మనేలా ఉండకూడదు. కళ అంటూ పొగిడి కులాన్ని దాచిపెట్టేలా అస్సలు ఉండకూడదు. ఒక పెద్దమనిషి చావు దెబ్బ వాయించి చూపిస్తే, ఆ దెబ్బతో పాటు ఆయన పడిన అవమానాన్ని కూడా ఆయన మాటల్లోనే రికార్డు చేయాలి. ఆయన పేరు, ఊరు ఆయన ఇష్టప్రకారం రాయాలి. ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చినందుకు కళాకారుడికి ఇచ్చే పారితోషికం ఇవ్వాలి. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు నెలనెలా పింఛను ఇస్తున్నారు. మన దగ్గర చావు డప్పు వాయించే పెద్దలకు, శంఖం గంట పట్టుకుని వచ్చే జంగాలకు, దాసర్లకు సాంస్కృతిక శాఖ ఏం చేయగలదో ఆలోచించండి.

జంగాలు, దాసర్లు అన్నాను కదా, వాళ్ల గురించి రెండు మాటలు. విభూతి పెట్టుకునే ఇళ్లకు జంగం దేవర, నామం పెట్టుకునే ఇళ్లకు దాసరి రావడం ఆనవాయితీ. మాలలకు మాల జంగాలు, మాల దాసర్లు వేరుగా ఉన్నారు; ఈ పేర్లు ఇప్పటికీ షెడ్యూల్డు కులాల జాబితాలో కనిపిస్తాయి. అంటే చావు తంతులో పురోహితుడు ఒక్కడే కాదు, ఎన్నో కులాలకు తమ సొంత గురువులు, సొంత పాటలు, సొంత మాటలు ఉన్నాయి. గురుబోధతో నడిచే అచల సంప్రదాయం పాటించే కుటుంబాల్లో ఏడవరు. మనిషిని కూర్చోబెట్టి సమాధి చేస్తారు, రాత్రంతా తంబుర, తాళాలతో తత్వాలు పాడతారు. వీరబ్రహ్మం తత్వాలు, దూదేకుల సిద్దయ్య తత్వాలు, ఇంకా ఊరి గురువులు కట్టినవి ఎన్నో ఆ జాగారాల్లోనే బతికాయి. వాటిలో అచ్చులోకి ఎక్కనివి చేతిరాత నోటుపుస్తకాల్లో ఉన్నాయి. ఆ పుస్తకం ఉన్న పెద్దమనిషి పోతే పిల్లలు దాన్ని ఏం చేస్తారో మీకు తెలుసు. ఆ నోటుపుస్తకాలను ఫోటోలు తీయించడం పెద్ద ఖర్చు కాదు. ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.

మాటల దగ్గరికి వస్తాను. తెలుగు టీచరుగా నాకు ఎక్కువ టెన్షన్ ఉన్నది ఇక్కడే. మా బడిలో పిల్లలకు పాడె అన్న మాట తెలుసు. ఎలా తెలుసంటే, తిట్టుగా తెలుసు. పాడెగట్ట, దినం చెయ్య, పిండాకూడు, ఇవన్నీ వాళ్లు విన్నది కోపంలో ఉన్న పెద్దవాళ్ల నోట. పాడె ఎలా కడతారో, పచ్చి వెదురే ఎందుకు తెస్తారో, ఏ ముడి వేస్తారో తెలియదు. అగ్గి పట్టుడు, కుండకు చిల్లు పెట్టి చుట్టు తిరుగుడు, దింపుడు కల్లం దగ్గర పాడె దించి పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవడం, కాష్టం పేర్చడంలో ఉన్న పని, బొంద తవ్వేటప్పుడు చూసుకునే కొలతలు, బూడిద ఎత్తుడు, మూడో రోజు పిట్టకు పెట్టుడు, చిన్నకర్మ, పెద్దకర్మ, నిద్రకు తీసుకపోవుడు: ఒక్కో మాట వెనుక ఒక పని ఉంది, ఆ పని తెలిసిన మనిషి ఉన్నాడు. జిల్లా మారితే మాట మారుతుంది, కులం మారితే తంతు మారుతుంది. చిత్తూరు వైపు డప్పును పలక అంటారు. తమిళ సరిహద్దులో ఏడుపు పాటను ఒప్పారి అంటారు.

పిట్టకు పెట్టే చోట జరిగే మాటలు ప్రత్యేకంగా వినాల్సినవి. వండి తెచ్చింది విస్తరిలో పెట్టి అందరూ దూరం జరుగుతారు. కాకి రాకపోతే ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట ఇస్తారు. 'నీ చిన్నబిడ్డ పెండ్లి మేం జేస్తం', 'అవ్వను మంచిగ జూసుకుంటం', 'అప్పు తీరుస్తం, నువ్వు రంది పెట్టుకోకు'. పదిమంది సాక్షులుగా ఉండగా ఇచ్చిన ఆ మాటను తరవాత తప్పడం కష్టం. ఒక కుటుంబం తన బాధ్యతలను పంచుకునే సభ అది. దాన్ని మూఢనమ్మకమని ఒక్క మాటలో కొట్టేసినవాళ్లు అక్కడ ఏం మాట్లాడుకుంటారో విని ఉండరు.

ఈ పనికి మనకు మంచి దారి ఇదివరకే ఉంది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో, రెండోది చేనేత పదాలతో 1971లో వచ్చాయి. పల్లెలకు పోయి, ఆ పని చేసేవాళ్లనే అడిగి, ఏ ప్రాంతంలో ఏ మాట వాడుతున్నారో రాసుకున్న పద్ధతి అది. ఆ తరవాత ఇంకా కొన్ని వృత్తుల సంపుటాలు వచ్చాయి. అదే పద్ధతిలో చావుకు సంబంధించిన పనుల మాటలకు ఒక సంపుటం తేవాలని కోరుతున్నాను. ఆ మాటలను సేకరించేటప్పుడు సరిదిద్దకండి. ఆమె 'ఇడిసి పోతివా' అంటే 'విడిచి పోతివా' అని రాయకండి. 'సావు' అంటే 'సావు' అనే ఉండనివ్వండి. 'బొంద' అన్నచోట 'సమాధి' అని మార్చిన రాతలు నేను చూశాను. ఆ మార్పుతో మాట పోవడమే కాదు, పాట నడక కూడా విరిగిపోతుంది. అచ్చు పుస్తకంతో పాటు ధ్వని తప్పకుండా ఉండాలి. ఆ రాగం అక్షరాల్లో పట్టదు.

'చావు విషయాలు అశుభం, వీటిని పండుగలా పెట్టుకుంటామా' అని మీలో కొందరికి అనిపించవచ్చు. బతుకమ్మ 2014 నుంచి మన రాష్ట్ర పండుగ. మొదటిరోజు ఎంగిలిపూల బతుకమ్మ సాయంత్రం ఆడతాం. ఆ రోజు పొద్దున ఏం చేస్తాం? పెత్రమాస కదా, పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. పొద్దున పోయినవాళ్లను తలచుకున్న ఇంటి ఆడబిడ్డలే సాయంత్రం పూలు పేర్చి ఆడతారు. మన జనం ఆ రెంటినీ ఒకే రోజులో పెట్టుకున్నారు. పీర్ల పండుగ చూడండి. కర్బలాలో చనిపోయినవారి కోసం తెలుగు పల్లెల్లో హిందువులు, ముస్లింలు కలిసి అలావా అనే నిప్పుల గుండం చుట్టూ తిరుగుతూ పాడతారు. 'అసోయ్ దూలా' అంటూ ఊరంతా బాహాటంగా పాడే శోకం అది. హసన్ హుసేన్ల కథను తెలుగులో కట్టిన ఆ పాటలు ఇంకా నూరు ఊళ్లలో నూరు రకాలుగా ఉన్నాయి. వాటిని కూడా ఈ పనిలో కలపండి. ఉద్యమ పాటలకు కూడా ఇదే మూలం. గద్దర్ లాంటివాళ్లు పల్లె బాణీల్లో కట్టిన అమరుల పాటల్లో తల్లి కొడుకును పిలిచే తీరు ఎక్కడి నుంచి వచ్చిందో శోకం విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ముడుమాల్ నిలువురాళ్ల గురించి కూడా చెప్పాలి. నారాయణపేట జిల్లాలో కృష్ణా ఒడ్డున మూడు వేల ఏండ్లకు పైబడిన ఆ బృహత్ శిలాయుగపు చోటు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. ములుగు అడవుల్లో దామరవాయి దగ్గరి రాకాసి గుళ్లు అనే పాత రాతి సమాధులను చూడటానికి దేశదేశాల నుంచి పరిశోధకులు వస్తున్నారు. నాకు చాలా సంతోషం. చనిపోయినవాళ్ల కోసం ఆనాటివాళ్లు ఇంత ఇంత రాళ్లు మోశారంటే ఒళ్లు జలదరిస్తుంది. వాళ్లు ఆ రాళ్లు నిలబెట్టినప్పుడు ఏం పాడారో మనకు ఎప్పటికీ తెలియదు. ఇప్పటివాళ్లు పాడుతున్నది మాత్రం తెలుసుకునే వీలు ఇంకా ఉంది.

ఆ వీలు ఎంత తొందరగా పోతోందో చెప్తాను. ఇప్పుడు కబురు వాట్సాప్‌లో వస్తుంది. ఫ్రీజర్ బాక్స్ వస్తుంది. దాని చుట్టూ కూర్చున్నవాళ్ల గొంతు కంటే మైకులో ఘంటసాల భగవద్గీత పెద్దగా వినిపిస్తుంది. ఆ గీత అంటే నాకూ ఇష్టమే, కానీ ఆ మైకు కింద ఏ ఆడమనిషీ శోకం అందుకోలేదు. వైకుంఠ రథం మీద శవం పోతే దింపుడు కల్లం దగ్గర బండి ఒక్క నిమిషం ఆగుతుంది, అంతే. ప్రతి పంచాయతీలో వైకుంఠధామాలు కట్టారు. కాల్చడానికి గద్దెలు, స్నానాలకు నీళ్లు, నీడ వచ్చాయి. అది మంచి పని, కాటికి జాగా లేక ఇబ్బంది పడ్డ పేదలకు చాలా అవసరమైన పని. దానితో పాటు పాత కాటి దారి మారింది, ఆ దారిలో ఆగే చోట్లు, అక్కడ అనే మాటలు కూడా పోతున్నాయి. 2020, 2021 కరోనా రోజులు మరీ పెద్ద దెబ్బ కొట్టాయి. కవరులో చుట్టిన శవాన్ని మున్సిపాలిటీ సిబ్బంది తీసుకుపోతుంటే ఇంటివాళ్లు దూరం నుంచి చూశారు. ఎంతమంది ఏడుపు గొంతులోనే ఉండిపోయిందో! ఆ రెండేళ్లలో పోయినవాళ్లలో ఈ పాటలు తెలిసిన పెద్దలు ఎందరో ఉన్నారు. చదువుకున్న ఇళ్లలో రాగం తీసి ఏడవడం మోటు అన్న మాట ముందు నుంచే ఉంది. ఇప్పుడు ఆ సిగ్గు పల్లెల్లోకీ వచ్చింది. నలభై ఏళ్లలోపు ఆడవాళ్లలో శోకం అందుకోగలిగినవాళ్లు మా చుట్టుపక్కల అరుదు.

అన్నింటినీ రికార్డు చేయమంటున్నాను గానీ అన్నింటినీ కొనసాగించమనడం లేదు. పదో రోజు భర్త పోయిన ఆడమనిషి గాజులు పగలగొట్టడం, బొట్టు తీయడం, మెట్టెలు తీయడం క్రూరమైన పనులు. అవి ఆగిపోవాలి. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ 2022లో వాటిని మానుకోవాలని తీర్మానం చేసింది. మన గ్రామసభలూ చేయాలి. ఆ తంతు మీద ఆడవాళ్లే తమ శోకాల్లో ఏమన్నారో వింటే, వాళ్లు దాన్ని తలవంచి ఒప్పుకున్నారన్న అభిప్రాయం మారిపోతుంది. అందుకోసమైనా ఆ పాటలు ఉండాలి.

ఇంకా కొన్ని మాటలు సూటిగా. రికార్డు చేసినదంతా నెట్‌లో పెట్టకండి. కొన్ని పాటల్లో బతికున్నవాళ్ల పేర్లు, ఇంటి గుట్లు ఉంటాయి. పాడినవాళ్లు వద్దంటే పరిశోధకులకు కూడా ఇవ్వకుండా కొన్నేళ్లు మూసి ఉంచండి. వెనక్కి ఇచ్చేయమంటే ఇచ్చేయండి. ప్రతి రికార్డు ఒక కాపీ ఆ ఇంటికి, ఆ ఊరి బడికి చేరాలి. గోండు, కోయ గూడేల్లో ఈ పని వాళ్ల భాషలోనే, వాళ్ల పిల్లల చేతనే చేయించండి. ఆ తెగల కథలు పాడే ప్రధాన్లు, డోలీలు ఆ కథలను ఏ సందర్భంలో ఎవరి ముందు చెప్పాలో వాళ్లకు కట్టుబాట్లు ఉన్నాయి. వాటిని దాటి తెలుగు అనువాదం కోసం పరుగెత్తకూడదు. పొట్టకూటికి వలసపోయిన మనవాళ్లను కూడా మరిచిపోవద్దు. ముంబై, భీవండి, సూరత్‌లలో ఉన్న పద్మశాలీ కుటుంబాల పెద్దల దగ్గర ఇక్కడ పోయిన మాటలు అక్కడ ఉండే అవకాశం ఉంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం రేవులకు లక్షల కుటుంబాలు పోయినవాళ్లకు పిండాలు పెట్టడానికి వస్తాయి. ఊళ్లలో గడప దాటని ముసలమ్మలు కూడా పుష్కరాలకు వస్తారు, తమవాళ్లను తలచుకునే మనసుతోనే వస్తారు. ఆ రేవుల దగ్గర మీ పీఠం తరఫున ఒక్కో గుడారం వేయండి. లోపల చాప, మంచినీళ్లు, ఒక మంచి మైకు, వినడానికి ఇద్దరు ఆడపిల్లలు ఉంటే చాలు. చెప్పాలనుకున్నవాళ్లు కూర్చుని తమవాళ్ల గురించి చెప్తారు, పాడతారు. ఎవరినీ బలవంతపెట్టక్కర్లేదు. పన్నెండు రోజుల్లో పోగయ్యేది మామూలు సర్వేల్లో పోగు కాదు. దానికి కావలసిన శిక్షణ, అనుమతి పత్రాల నమూనా, ప్రశ్నల పట్టిక ముందే తయారు కావాలి. ఆ పనికి ఇప్పుడే కూర్చోవాలి.

మా వైపు తెలుగు టీచర్లం కొందరం ఈ పనికి సిద్ధంగా ఉన్నాం. ఎండాకాలం సెలవుల్లో మా చుట్టుపక్కల ఊళ్లు పంచుకుని తిరుగుతాం. శోకాలు తెలిసిన పెద్దమ్మలెవరో, తత్వాల పుస్తకాలు ఎవరింట్లో ఉన్నాయో, చావు డప్పులో చేయి తిరిగిన పెద్దలెవరో మాకు తెలుసు. వాళ్లలో చాలామంది ఒప్పుకున్నారు కూడా. మాకు డబ్బులు అక్కర్లేదు, పాడేవాళ్లకు ఇవ్వండి. మాకు కావలసింది మంచి రికార్డర్లు, వాటిని సరిగ్గా వాడటం నేర్పే రెండు మూడు రోజుల శిక్షణ, పోగుచేసింది భద్రంగా దాచిపెడతామన్న మీ రాతపూర్వక హామీ. పీఠం నుంచి ఎవరైనా వచ్చి చూస్తామంటే ఏ ఆదివారమైనా సరే, మేమే దగ్గరుండి ఊళ్లకు తీసుకుపోతాం.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు,
జగిత్యాల జిల్లా